బానెట్ మీద చెయ్యి

మా ఆయనకి బండి పిచ్చి పట్టింది.

మెకానిక్‌కి బండి పిచ్చేంటి, ఆయన పనే అది కదా అంటారేమో. ఊళ్లోవాళ్ల బండ్లు బాగుచెయ్యడం పని. తనకో బండి కావాలని నిద్రలో కూడా కలవరించడం పిచ్చి. రెంటికీ తేడా నాకు బాగా తెలుసు. ఆ రోజుల్లో ఆయనకి అన్నం వడ్డించింది నేనే. ఏం కూర వేశానో కూడా చూసుకోకుండా తిని లేచేవాడు.

మా ఆయన పేరు జక్రయ్య. గుంటూరు ఆటోనగర్‌లో మాకో షెడ్డుంది. స్పీడు బండ్ల ఇంజన్ పని బాగా చేస్తాడని పేరు. అంతకన్నా పెద్ద పేరు ఇంకోటుంది. సెకండ్‌హ్యాండ్ బండి కొనాలనుకున్నవాళ్లు ముందు మా ఆయన్ని తీసుకెళ్లి చూపించుకుంటారు. జక్రయ్య సరేనంటే కొంటారు, వద్దంటే ఇక ఆ గుమ్మం తొక్కరు.

నా పేరు సలోమి. షెడ్డులో ఫోను నాది. బండి చూసిపెట్టమని ఎవరు ఫోన్ చేసినా నేను చెప్పే మాట ఒక్కటే.

"మేం వచ్చేదాకా బండి స్టార్ట్ చెయ్యొద్దని అమ్మేవాళ్లకి చెప్పండి. తాళం కూడా పెట్టొద్దు."

కొందరు విసుక్కుంటారు. ఇదేం పట్టింపమ్మా అంటారు. పట్టింపు కాదు. రాత్రంతా ఆగి చల్లబడ్డ ఇంజన్ని మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడే దాని రోగం బయటపడేది. చప్పుడైనా అప్పుడే, పొగైనా అప్పుడే. కాస్త వేడెక్కిందా, ఆయిల్ అన్ని మూలలకీ పాకి, లోపల ఎంత అరిగినా పైకి గుమ్మనంగా ఉంటుంది. అందుకే అమ్మేవాళ్లలో గడుసువాళ్లు మనం వెళ్లేసరికే ఇంజన్ వేడి చేసి పెట్టేస్తారు.

ఇదంతా మా ఆయనకి నేర్పింది మీరావలి ఉస్తాద్. ఏ బండి దగ్గరికి పోయినా ముందు బానెట్ మీద అరచెయ్యి పెట్టాలి. వెచ్చగా తగిలిందా, ఆ పూటకి చూడకుండా తిరిగొచ్చెయ్యాలి. ఉస్తాద్ దగ్గర పని నేర్చుకున్న వాళ్లందరికీ అదే అలవాటు. మా ఆయనైతే పెళ్లిచూపులకి వచ్చిన రోజు కూడా ముందు మా నాన్న స్కూటర్ ఇంజన్ మీద చెయ్యి పెట్టి, ఆ తర్వాత ఇంట్లోకొచ్చాడు. మా అమ్మ ఇప్పటికీ చెప్పి చెప్పి నవ్వుతుంది.

అలాంటి మనిషి, తను కొనుక్కోబోయే బండి మీద మాత్రం చెయ్యి పెట్టలా.

ఆ బండి తాడేపల్లిలో కమలాకర్ గారిది. ఆయనకి క్రేన్ల వ్యాపారం. బండేమో నీలం రంగుది, బయటి దేశంలో తయారైంది, టర్బో ఇంజను. రెండే తలుపులు. నేలకి ఆనుకుని పాకుతున్నట్టుంటుంది. ఒకసారి మా షెడ్డు ముందు నుంచి పోతుంటే మా ఆయన చేతిలో పానా అలాగే పట్టుకుని రోడ్డు మీదికి వచ్చేశాడు. అది మలుపు తిరిగి పోయాక కూడా అక్కడే నిలబడ్డాడు.

ఆ కమలాకర్ గారికి రికవరీ వ్యాను కావాల్సొచ్చింది. మాకో రికవరీ వ్యానుంది. ఆయన ఎవరి ద్వారానో విని కబురు పంపాడు. బండికి బండి. మీరు వ్యానివ్వండి, నేను ఇదిస్తాను అని.

ఇక చూడాలి మా ఆయన్ని!

ఆ వ్యాను గురించి చెప్పాలి. షెడ్డులో పనున్నా లేకపోయినా మాకు రోజూ అన్నం పెట్టేది అదే. హైవే మీద ఎవరి బండి ఆగిపోయినా మా వ్యానే పోయి లాక్కొస్తుంది. అలా లాక్కొచ్చిన బండే మళ్లీ మాకు పని. వ్యాను లేకపోతే షెడ్డుకి సగం పని రాదు. ఈ స్పీడు బండి తెచ్చుకుని, దాని ఇంజన్ కూడా పాడైందంటే మా పని అంతే. దాన్ని బాగుచేసుకోడానికి చేతిలో ఏమీ ఉండదు, లాక్కురావడానికి వ్యానూ ఉండదు.

అయితే నాకు ఆ బండి మీద కోపం లేదు, మా ఆయన మీదా లేదు. ఇన్నేళ్లూ ఊళ్లోవాళ్ల స్పీడు బండ్లన్నీ బాగుచేసి, ట్రయల్ అని ఒక్క చుట్టు తిప్పి, తాళాలు వాళ్ల చేతిలో పెట్టేసిన మనిషి. ఒక్క తాళమైనా తన జేబులో ఉండాలనుకోడం తప్పా? తప్పని నేనెప్పుడూ అనలేదు.

చూడ్డానికి వెళ్లిన రోజు నేనూ వెళ్లాను. గేటు దగ్గరే కమలాకర్ గారు ఎదురొచ్చాడు.

"రండి రండి. మీకోసం వేడి చేసి ఉంచానండీ. ఎక్కి తోలడమే."

ఆ మాట ఇంకెవరన్నా మా ఆయన చెప్పులు కూడా విప్పకుండా వెనక్కి తిరిగేవాడు. ఆ రోజేమన్నాడో తెలుసా?

"అయ్యో, మీకెందుకండీ శ్రమ" అన్నాడు.

నేను ముక్కున వేలేసుకున్నాను.

మిగతా పనుల్లో ఏమీ వదల్లా, అబద్ధమెందుకు. కంప్యూటర్ తగిలించి చూశాడు, ఏ తప్పూ చూపించలా. ప్లగ్గులు విప్పి చిన్న కెమెరా లోపలికి దించి చూశాడు. కంప్రెషన్ కొలిచాడు. ఆయిల్ వేలికి రాసుకుని వాసన చూశాడు. బండి కింద పడుకుని అటూ ఇటూ పాకాడు. అన్నీ బాగున్నాయి. ఆ తర్వాత బైపాస్ మీద ఒక చుట్టు తోలుకొచ్చాడు. దిగేటప్పుడు ఆయన మొహం చూస్తే, మా పెళ్లప్పుడు కూడా అంత వెలుగు లేదని నాకు కాస్త కోపం కూడా వచ్చింది.

తిరిగొచ్చేటప్పుడు వ్యానులో అడిగాను.

"చెయ్యి పెట్టి చూళ్లేదేం?"

"దేని మీద?"

"బానెట్ మీద."

"అన్నీ చూశాను కదే."

"చల్లగా ఉన్నప్పుడు చూళ్లేదుగా."

"అసలా ఇంజన్ గొంతు విన్నావా నువ్వు?"

"విన్నాను కాబట్టే అడుగుతున్నా."

ఆయన గేరు మార్చి వ్యాను స్పీడు పెంచాడు. ఇంటికొచ్చాక, బేరం కుదిరింది, ఈ శుక్రవారం దాటగానే మార్చుకుంటున్నాం అని చెప్పి పడుకున్నాడు. నాకు నిద్ర పట్టలా. నేను ఇంకేదన్నా అంటే నీకేం తెలుసంటాడు. నాకు తెలిసిందంతా ఆయన నేర్పిందే, అది ఆయనకి గుర్తులేదు.

ఉస్తాద్ శిష్యుల్లో ఒక ఆనవాయితీ ఉంది. ఎవరు ఏ బండి కొన్నా, అది సొంతమయ్యే రోజున మొదటి తాళం ఉస్తాద్ తిప్పాలి. ఆయన పని మానేసి చాలా కాలమైంది. చూపు ఆనడం లేదు, చేతులు కాస్త వణుకుతాయి. అయినా పిలిస్తే ఎవరింటికైనా వస్తాడు. శనివారం పొద్దున్నే మా ఆయన వెళ్లి ఆయన్ని వ్యానులో ఎక్కించుకొచ్చాడు. నేను పక్కన కూర్చున్నాను.

దారిలో ఉస్తాద్ కళ్లు మూసుకుని కూర్చున్నాడు. తాడేపల్లి మలుపు వస్తుందనగా అన్నాడు.

"వ్యాను బాగా నడుస్తోందిరా జక్రీ."

"బాగుంటది ఉస్తాద్. ఇదే ఇచ్చేస్తున్నా."

"ఊఁ" అన్నాడు. అంతే.

కమలాకర్ గారు బండి కడిగించి పోర్టికోలో పెట్టించాడు. నీడలో అది నీలంగా మెరుస్తోంది. మమ్మల్ని చూసి ఆ రోజూ అదే మాట.

"ఇప్పుడే ఒక రౌండు తిప్పుకొచ్చానండీ. రెడీగా ఉంది."

మా ఆయన తాళం తీసుకుని, రెండు చేతుల్తో ఉస్తాద్‌కి అందించాడు. "మీ చేత్తో ఉస్తాద్" అన్నాడు. నిజం చెప్పాలంటే నాక్కూడా ఆ క్షణంలో, పోనీలే, ఇంత ఆశపడ్డాడు, బాగుంటే బాగుండు ప్రభువా అనిపించింది.

ఉస్తాద్ తాళం తీసుకున్నాడు. తలుపు వైపు వెళ్లలా. మెల్లగా బండి ముందుకొచ్చి, వంగి, బానెట్ మీద అరచెయ్యి ఆనించాడు.

హమ్మయ్య, ఇప్పుడు చెప్పెయ్యాలి అని నోరు తెరిచాను. ఆయన నా వైపు తిరిగాడు.

"అమ్మా సలోమీ, ఒక గుక్క టీ దొరుకుతుందా?"

నోరు మూసుకుని టీ కోసం లోపలికి పోయాను.

టీ పట్టుకుని వచ్చేసరికి ఉస్తాద్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. తాళం ఆయన చొక్కా జేబులో ఉంది. మా ఆయన బండి ముందు నిలబడి ఉన్నాడు.

"ఇలా రా జక్రీ. ఇక్కడ చెయ్యి పెట్టు" అన్నాడు ఉస్తాద్.

మా ఆయన పెట్టాడు. పెట్టగానే తెలిసింది ఆయనకి. మొహం కాస్త పాలిపోయింది.

"వెచ్చగా ఉంది ఉస్తాద్."

"ఉందిగా. ఆ వేడి పోయాక నాకు చెప్పు."

"అంటే..."

"చెయ్యి తియ్యకు. పోయాక చెప్పు."

మా ఆయన నవ్వాడు. ఉస్తాద్ నవ్వలా, టీ ఊదుకుంటూ తాగాడు.

చలికాలమే అయినా ఇంజన్ చల్లబడ్డం అంటే గంటల మీద పని. నలభై దాటిన మనిషి, పదిమందికి పని నేర్పుతున్న మనిషి, పరాయి ఇంటి పోర్టికోలో బానెట్ మీద చెయ్యేసి స్కూలు పిల్లాడిలా నిలబడ్డాడు. నాకు నవ్వొచ్చింది, జాలీ వేసింది. కాసేపయ్యాక మా ఆయన ఆగలేకపోయాడు.

"ఉస్తాద్, నేనన్నీ చూశాను. కంప్యూటర్ పెట్టి చూశాను. కెమెరా దించి చూశాను."

"మంచి పని చేశావు."

"కంప్రెషన్ కూడా కొలిచాను."

"చాలా మంచి పని చేశావు."

"మరింకేంటి?"

"చెయ్యి జరిగింది చూసుకో" అన్నాడు ఉస్తాద్.

కమలాకర్ గారు ఫోన్ మాట్లాడుకుంటూ రెండు మూడుసార్లు లోపలికీ బయటికీ తిరిగాడు. మొదట్లో నవ్వు మొహంతోనే ఉన్నాడు. పొద్దెక్కేకొద్దీ ఆ నవ్వు పోయింది.

"ఏంటండీ పెద్దాయనా, బండి కొంటారా, కాపలా కాస్తారా?"

"మీకు పనుంటే చూసుకోండి బాబూ. మాకేం తొందర లేదు."

"నాకుందండీ తొందర."

"అవునా? అయితే మీరూ కూర్చోండి" అని పక్కనున్న కుర్చీ ముందుకు జరిపాడు ఉస్తాద్.

ఆయన కూర్చోలా. లోపలికి పోయాడు. కానీ మంచి మనిషే, మధ్యాహ్నం అందరికీ భోజనం పంపించాడు. ముద్దపప్పు, గోంగూర పచ్చడి, వేడివేడి అన్నం. మా ఆయన ఎడమ చెయ్యి బానెట్ మీద, కుడిచేత్తో అన్నం కలుపుకోవడం. పళ్లెం నేను పట్టుకున్నాను. పెళ్లైన కొత్తలో కూడా నేనింత సేవ చెయ్యలేదని అంటే, ఆ కోపంలోనూ ఆయనకి నవ్వొచ్చింది. ఉస్తాద్ లోపలి గదిలో నమాజు చేసుకుని వచ్చి మళ్లీ అదే కుర్చీలో కూర్చున్నాడు.

మధ్యాహ్నం దాటాక మా ఆయనన్నాడు.

"ఉస్తాద్, రేకు చల్లబడింది."

"తెరువు. ఇప్పుడు ఇంజన్ మీద పెట్టు."

మా ఆయన ఒక పెద్ద నిట్టూర్పు విడిచి బానెట్ లేపాడు. ఇంజన్ మీద చెయ్యి పెట్టి తల వంచుకుని నిలబడ్డాడు. మొదట కోపంగా నిలబడ్డాడు. తర్వాత విసుగ్గా నిలబడ్డాడు. ఆ తర్వాత ఏమైందో, మెల్లగా ఆ భుజాలు దిగాయి. ఎటూ పోయేది లేదు, చేసే పని లేదు, కళ్ల ముందు ఇంజన్ తప్ప ఇంకేం లేదు. ఆయన కళ్లు దాని మీద తిరగడం మొదలుపెట్టాయి.

అప్పుడు చూశాను నేను మా ఆయన మొహం. ఈ గొడవ మొదలైన దగ్గర్నుంచీ కనపడకుండా పోయిన మొహం. షెడ్డులో ఇంజన్ ముందు ఉన్నప్పుడు పిల్లలొచ్చి పిలిచినా పలక్కుండా ఉంటాడే, ఆ మొహం. ఎక్కడికో పోయిన మనిషి తిరిగొచ్చినట్టనిపించింది. గబుక్కున కళ్లు తుడుచుకున్నాను.

"ఉస్తాద్" అన్నాడు చాలా నెమ్మదిగా. "చెయిన్ వైపు మూత ఎవరో విప్పారు."

ఉస్తాద్ కుర్చీ కాస్త ముందుకు జరుపుకున్నాడు.

"బోల్టుల మీద పానా జారిన గీతలున్నాయి. అంచున గమ్ము కొత్తగా పూశారు. ఇవి మొన్న చూసినప్పుడు లేవు."

"మొన్నా ఉన్నాయిరా" అన్నాడు ఉస్తాద్.

మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. మళ్లీ తల వంచుకున్నాడు. ఇక ఆ తర్వాత చెయ్యి తియ్యకని ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది.

ఎండ వాలేకొద్దీ కమలాకర్ గారికి కాలు ఒకచోట నిలవలా. వచ్చి ఇంజన్ వంక చూస్తాడు, పోతాడు, మళ్లీ వస్తాడు.

"చీకటి పడిపోతోందండీ. పోనీ ఒక్కసారి స్టార్ట్ చేసి ఆపేద్దాం. ఊరికే, బ్యాటరీ కోసం."

ఉస్తాద్ జేబు మీద చెయ్యి వేసుకుని చిన్నగా తల ఊపాడు.

"కూర్చోండి బాబూ. పొద్దున్నుంచీ నిలబడే ఉన్నారు" అన్నాడు.

ఆ గొంతులో కోపం లేదు, వెటకారం లేదు. ఇంటికొచ్చిన చుట్టాన్ని కూర్చోమన్నట్టు అన్నాడు. ఈసారి కమలాకర్ గారు కూర్చున్నాడు. ఉస్తాద్ పక్కనే, ఆ కుర్చీలోనే.

లైట్లు వేసే వేళకి మా ఆయన చెయ్యి తీశాడు.

"వేడి పోయింది ఉస్తాద్."

ఉస్తాద్ లేచాడు. జేబులోంచి తాళం తీసి మా ఆయనకిచ్చాడు.

"నువ్వు తిప్పు."

"మొదటి తాళం మీరు కదా..."

"నా చెవులు పాతబడ్డాయి జక్రీ. నువ్వు విను."

మా ఆయన లోపల కూర్చున్నాడు. తలుపు వెయ్యలా. ఒక క్షణం కళ్లు మూసుకున్నాడు, ప్రార్థన చేసుకున్నాడో ఏమో. తాళం తిప్పాడు.

గలగలగలమంది. ఇనప డబ్బాలో గుప్పెడు బోల్టులు పోసి ఆడించినట్టు. ఊపిరి రెండుసార్లు తీసుకునేంతలో ఆ చప్పుడు తగ్గిపోయింది. ఆ వెంటనే గుమ్మనంగా, తియ్యగా, మొన్న విన్న గొంతే.

మా ఆయన ఆపేశాడు.

ఆ చప్పుడేంటో షెడ్డులో ఫోన్ ఎత్తే నాకే తెలుసు, ఆయనకి తెలియకపోవడమేంటి. ఇంజన్ లోపలి భాగాలన్నిటినీ ఒక లెక్కలో తిప్పే చెయిన్ని బిగువుగా పట్టి ఉంచే భాగం అరిగిపోయింది. ఇంజన్ వేడెక్కి ఆయిల్ అందేదాకా చెయిన్ వదులుగా కొట్టుకుంటుంది. ఏదో ఒక రోజు అది పళ్ల మీంచి జారిందంటే, లోపలివన్నీ ఒకదాన్నొకటి గుద్దుకుని ఇంజన్ మొత్తం తుక్కు. స్పీడులో ఉండగా జారితే బండి నడిరోడ్డు మీద ఆగిపోతుంది. వెనక లారీ ఉంటే ఇక చెప్పేదేముంది.

నాకు ఒళ్లు మండింది. ఈ పెద్దమనిషిని నాలుగు దులిపేద్దామని ఒక అడుగు ముందుకేశాను. కమలాకర్ గారు తల వంచుకుని కూర్చునున్నాడు.

"పొద్దున్నే అలా అంటుందండీ. ఒకాయన విప్పి చూసి, మార్చాల్సిన సామాను బయటి దేశం నుంచి రావాలన్నాడు. మూసెయ్యమన్నాను" అన్నాడు. "మీరు అడగలేదు. నేను చెప్పలేదు."

"అడగాల్సిన పని నాదండీ" అన్నాడు మా ఆయన బండిలోంచే. "చెయ్యి పెట్టి చూడాల్సింది నేను."

ఆ మాటకి నా కోపం ఎక్కడిదక్కడ దిగిపోయింది. ఇక ఎవర్నని దులపను?

"ఆ చప్పుడు మొదలయ్యాక దీన్ని హైవే ఎక్కించాలంటే నాకే భయం" అన్నాడు కమలాకర్ గారు. "మా అమ్మాయి ఎన్నిసార్లడిగినా తాళం ఇవ్వలేదు. అలాంటిదాన్ని మీ చేతిలో పెట్టబోయాను. పొద్దున్నుంచీ ఈయన అలా నా ఎదురుగా కూర్చుంటే లోపల నాకెలా ఉందో నాకే తెలుసు. ఇప్పుడు ఊపిరాడుతోంది. మీకు పుణ్యముంటుంది పెద్దాయనా."

ఉస్తాద్ ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

మా ఆయన దిగి వచ్చాడు. తాళం కమలాకర్ గారి చేతిలో పెట్టాడు.

"వ్యాను మాత్రం ఇవ్వలేనండీ. ఏమీ అనుకోవద్దు."

అనుకోవడానికేముంది అన్నట్టు ఆయన చేతులు జోడించాడు. నేను గేటు అవతల నిలబడ్డ మా వ్యాను వైపు చూశాను. పాత వ్యాను, ముందు భాగం రంగు వెలిసిపోయిన వ్యాను. జాతరలో తప్పిపోయిన పిల్లాడు దొరికితే ఎలా ఉంటుందో అలా ఉంది నాకు. ప్రభువుకి మనసులోనే వందనాలు చెప్పుకున్నాను. ఆ వెంటనే ఉస్తాద్‌కీ చెప్పుకున్నాను. ఆ సాయంత్రం నాకు ఇద్దరూ ఒక్కలాగే కనపడ్డారు.

మా ఆయన వచ్చి ఉస్తాద్ కుడిచెయ్యి పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. ఏడుస్తున్నాడని ఆ భుజాలు చూస్తే తెలుస్తోంది.

"ఉస్తాద్, మీరు రాకపోతే..."

"వచ్చానుగా" అని ఉస్తాద్ చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. "అది సరే. బండి మీద ఇష్టం పోయిందా?"

మా ఆయన తిరిగి చూశాడు. బానెట్ తెరిచే ఉంది. లైటు వెలుతురు ఇంజన్ మీద పడుతోంది. సిగ్గుపడి తల దించుకుంటాడని, ఇక దాని పేరెత్తనంటాడని అనుకున్నాను. ఆయన ఇంజన్ దగ్గరికి నడిచి, ఆ మూత అంచు మీద వేలు పెట్టాడు.

"లేదు ఉస్తాద్" అన్నాడు. "పోలేదు. ఆ చప్పుడు విన్నాక బాగుచెయ్యకుండా వదిలేసి పోబుద్ధి కావట్లా."

ఉస్తాద్ మొహంలో ఆ రోజు మొదటిసారి నవ్వు చూశాను. భుజం మీద తుండు తీసి, దులిపి, వంగినప్పుడు రంగు గీరుకోకుండా బండి మడ్‌గార్డు మీద జాగ్రత్తగా పరిచాడు.

"అయితే ఇప్పుడు చూడు" అన్నాడు.